పదిహేడో చదరం

శంషాబాదు చర్చి వెనక సందులో యేసుమణి అని ఒకామె ఉండేది. లక్షదీవుల్లోని ఒక చిన్న దీవి పక్కన, సముద్రం అడుగున, నలభై చదరపు మీటర్ల నేల ఆమెకు అంగుళం అంగుళం తెలుసు. సముద్రాన్ని మాత్రం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఈ ముక్క చెబితే సందులో జనం నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం, తమ పెరట్లో ఏ మొక్క ఏ మూల ఉందో వాళ్ళకే సరిగ్గా తెలియదు. యేసుమణి కళ్ళు మూసుకుని చెప్పేది: మూడో చదరంలో ఎడమ పక్క జింక కొమ్ముల్లాంటి పగడం, తొమ్మిదిలో అంతా ఇసుకే, పదిహేడులో గుమ్మడికాయంత గుండ్రటి పగడం, దాని దగ్గర ఎప్పుడూ రెండే రెండు పసుప్పచ్చ చేపలు.

ఆమె భర్త రూబెన్ శ్రీశైలం రోడ్డు మీద లారీ నడిపేవాడు. 1988లో కందుకూరు దాటాక ఒక మలుపులో లారీ బోల్తా పడి చనిపోయాడు. పిల్లలు లేరు. తరువాత పది పదకొండు రోజులు ఇల్లు మనుషులతో కిటకిటలాడింది. పలకరించడానికి వచ్చినవాళ్ళకు చాపల మీద చోటు చాల్లేదు. చర్చివాళ్ళు వచ్చి ఆదరణ కూడిక పెట్టారు, పాటలు పాడారు, ప్రార్థన చేశారు, అన్నాలు తిన్నారు. ఆ మర్నాడు పొద్దున్న యేసుమణి తలుపు తీసి గడపలో కూర్చుంది. మిట్టమధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎవరూ రాలేదు. మనుషులు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళు చేయాల్సింది చేసి వెళ్ళిపోయారు. కానీ ఆ రోజు మొదలు ఆ ఇంట్లో ఆమె మాట ఆమెకే వినపడేది.

బతకడానికి కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల కార్ఖానాలో చేరింది. పట్టా మీద బిస్కెట్లు కదిలి వస్తుంటే చెడ్డవి ఏరి పక్కన పడేయడం ఆమె పని. మాడినవి, విరిగినవి, తెల్లగా ఉన్నవి. తెల్లగా వస్తే పొయ్యి తప్పు, ఇంకో మాట లేకుండా తీసెయ్యమని మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. ఆరేళ్ళలో ఆ మాట ఆమె చేతివేళ్ళలోకి ఇంకిపోయింది. 1994లో కార్ఖానా మూతపడింది. మాట పోలేదు. ఈ కథకంతా ఆ మాటే మూలం, కనుక గుర్తుపెట్టుకోండి.

తుక్కుగూడ దారిలో ఒక మామిడితోట, అందులో ఒక పెంకుటిల్లు, ఆ ఇంట్లో గంగాధరం గారని కాకినాడ పెద్దాయన ఉండేవారు. కాలేజీలో ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, భార్య పోయింది. సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రం గురించి చదివి, చివరికి ఈ రాళ్ళగుట్టల మధ్యకు వచ్చారేమిటండీ అని ఎవరైనా అడిగితే, "ఉప్పుగాలి నా మోకాళ్ళకు పడదండీ" అనేవారు. వంటమనిషి కావాలన్నారని విని యేసుమణి వెళ్ళింది. ఆయన ఆమెను ఊరూ పేరూ అడుగుతున్నంతసేపూ ఆమె ఊరికే కూర్చోలేక, అక్కడ చేటలో ఉన్న కందిపప్పులో రాళ్ళు ఏరేసింది. ఆయన చేట వంక చూశారు. ఆమె వేళ్ళ వంక చూశారు. వంట సంగతి వదిలేసి లోపలి నుంచి ఒక ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"ఇందులో ఏం కనిపిస్తోందో చెప్పమ్మా."

"రాళ్ళు సార్. గీ రాయి బతికున్నట్టున్నది. గిది లేదు."

"రాయి బతకడమేమిటి?"

"ఏమో సార్. సూస్తె గట్లనే అనిపిస్తున్నది."

ఆయన పక్కనే ఉన్న కుర్చీలో కూలబడి పకపకా నవ్వారు. పట్నం విద్యార్థులకు మూడు నెలలు చెప్పినా పట్టుబడని సంగతి అది. పగడం రాయి కాదు, కోటానుకోట్ల చిన్న ప్రాణులు కట్టుకున్న ఇల్లు. ఆ దీవి పక్కనున్న పగడపు దిబ్బ ఆరోగ్యం ఎలా ఉందో ఏటేటా చూసి చెప్పే పనిని కొచ్చిలోని ఒక సంస్థ గంగాధరం గారికి అప్పగించింది. దిబ్బ మీద నలభై చోట్ల మీటరు చదరపు ఇనుప చట్రాలు బిగించారు. ఏటా ఒక మనిషి నీళ్ళలోకి దిగి, ఒక్కో చదరాన్ని ఫోటో తీసి, దాని చుట్టూ తిరిగే చేపల్ని లెక్కపెట్టి పంపేవాడు. ఫోటో మీద యాభై చుక్కలున్న పారదర్శకపు కాగితం పరిచి, ప్రతి చుక్క కింద ఏముందో రాయాలి: బతికిన పగడం, చచ్చిన పగడం, నాచు, ఇసుక, రాయి. నలభై ఫోటోలు, రెండు వేల చుక్కలు. ఆ పని యేసుమణిది. మిగతా ఏడాది పాత ఫోటోలను కొత్తవాటితో పోల్చి, ఏ కొమ్మ ఎంత పెరిగిందో కొలిచి, పుస్తకాలకు ఎక్కించేది.

పొద్దున్నే నడిచి వెళ్ళేది, పొద్దుగూకేసరికి తిరిగి వచ్చేది. ఆదివారం చర్చిలో తప్ప వేరే మనుషులతో మాట లేదు. ఆమెకు చుట్టాలంటే ఆ చదరాలే. మూడో నంబరు కొమ్మ నాలుగంగుళాలు పెరిగిందని ఆమె సంబరపడితే, ఆ సంబరం చెప్పుకోవడానికి గంగాధరం గారు ఒక్కరే ఉండేవారు. అన్నిటిలోకీ ఆమెకు పదిహేడంటే ప్రాణం. ఆ రెండు చేపలూ ఫోటోలో పడకపోయినా, లెక్కల కాగితంలో ఏటా అక్కడే ఉండేవి. అవి పగడాన్నే కొరుక్కుని తినే జాతి అనీ, జత కట్టాక కడదాకా కలిసే తిరుగుతాయనీ ఆయన చెప్పారు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక యేసుమణి రూబెన్ ఫోటో దుమ్ము తుడిచింది.

ఫోటోల్లో ఇంకొకటి కూడా ఉండేది. ప్రతి దాని మూలలోనూ ఒక చెయ్యి, ఆ చేతిలో నంబరు రాసిన తెల్ల ప్లాస్టిక్ పలక. నల్లటి, బక్కపలచని చెయ్యి, బొటనవేలికి గోరు లేదు. ఫోటోలు తీసే చెరియకోయది ఆ చెయ్యి. ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు, గొంతు తెలియదు. ఏడాదికి నలభై సార్లు ఆ చెయ్యి ఆమె ముందుకు వచ్చేది. ఆమెకు నిజంగా చెయ్యి చాపి ఏదైనా చూపించే మనిషి ఈ లోకంలో అతనొక్కడే అంటే అబద్ధం కాదు.

"ఒక్కసారి నిన్ను అక్కడికి తీసుకెళ్తానమ్మా," అనేవారు గంగాధరం గారు. "అడుగు భాగం అద్దంతో ఉన్న పడవలుంటాయి. నీళ్ళు తగలకుండా నీ పదిహేడుని నువ్వు చూసుకోవచ్చు." ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. 1998లో తప్పకుండా అన్నారు.

ఆ ఏడు పడవ దొరక్క, మార్చిలో జరగాల్సిన పని మే నెలాఖరుకు జరిగింది. జూన్‌లో రీళ్ళు శంషాబాదు చేరేసరికి గంగాధరం గారు కంటిపొర ఆపరేషన్‌కని పట్నం వెళ్ళారు. దవాఖానా తరువాత రెండు వారాలు మలక్‌పేటలో చెల్లెలింట్లో ఉండాలి. వెళ్తూ, "ఈసారి నువ్వు చూస్తే నేను చూసినట్టే" అన్నారు. ఆ మాటకు యేసుమణి ఒళ్ళు గర్వంతో పులకరించింది. ఎవరు మాత్రం పొంగిపోరు?

రీళ్ళు కడిగించేది బస్టాండు దగ్గర స్టూడియో గోవర్ధన్. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసుకునే కుర్రవాడు, భార్య పేరున శోభా స్టూడియో అని బోర్డు పెట్టుకున్నాడు. రీళ్ళు పట్టుకుని బస్సెక్కి కోఠీలోని కలర్ ల్యాబుకు వెళ్ళి ప్రింట్లు వేయించి తెచ్చేవాడు. ఆ ఏడు అతను తెచ్చిన కవరు విప్పి చూసి యేసుమణి మండిపడింది. ఫోటోలన్నీ తెల్లగా ఉన్నాయి. గోధుమరంగు కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు ఉన్నాయి.

"ఏంది తమ్మీ ఇది? సముద్రంల దీసిన ఫోటోలా, పిండి గిర్నిల దీసినయా?"

"నేనేం జెయ్యలె అక్కా. రీల్ల ఎట్లున్నయో గట్లనే వచ్చినయ్."

"నాలుగేండ్ల సంది సూస్తున్న, నాకు తెల్వదా? గిట్ల తెల్లగ ఎన్నడన్న ఉన్నయా? ల్యాబోడు కరాబ్ జేసిండు. తీస్కపోయి మళ్ల ఏపియ్యి. పెండ్లిపిల్ల మొహం పాలిపోతె సక్కగ జేపిస్తవ్ గదా, ఇవి నీకు కనిపియ్యయా?"

గోవర్ధన్ మొహం మాడ్చుకున్నాడు. తన పనిని అనేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. అయినా మర్నాడు వెళ్ళి మిషనువాడి పక్కనే కూర్చుని, ఇంకాస్త ఎరుపు, ఇంకాస్త పసుపు, ఇంకాస్త ముదురు అంటూ దగ్గరుండి వేయించాడు. ఈసారి పగడాలన్నీ కాలిన బిస్కెట్ రంగులో, చూడముచ్చటగా వచ్చాయి. యేసుమణి చుక్కల కాగితం పరిచి కూర్చుంది. పది రోజుల్లో లెక్క తేలింది: నూటికి అరవై రెండు బతికిన పగడం. కిందటేడు అరవై. సారును పరేషాన్ చేయడం ఎందుకని ఆమె ప్రింట్ల సంగతి ఎవరి చెవినా వేయలేదు.

గంగాధరం గారు నల్లకళ్ళద్దాలతో తిరిగి వచ్చారు. నెల దాకా చదవకూడదు, కన్ను తడవకూడదు అన్నాడట డాక్టరు. ఆమె లెక్క చదివి వినిపిస్తే ఆయన వరండాలో కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అరవై రెండా? ఈ ఏడు సముద్రం మరీ వేడెక్కింది, పగడాలకు జబ్బు చేస్తోందని కొచ్చి వాళ్ళు బెంగపడిపోతున్నారమ్మా. మన దిబ్బ నిలబడిందన్నమాట! రాయి, ఇవాళే పోస్టు చెయ్యి."

చెప్పినట్టే రాసి పోస్టు చేసింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, చాలా ఏళ్ళకు ఆమె చిన్నగా పాట పాడుకుంది.

జులైలో ఒక శనివారం కొచ్చి నుంచి ఉత్తరం వచ్చింది. యేసుమణి ఇంటరు దాకా చదివింది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. వరండాలో నిలబడి ఆయనకు చదివి వినిపించసాగింది. చెరియకోయ పంపిన చేపల లెక్క మాకు అందింది, మీ చుక్కల లెక్కతో అది పొసగడం లేదు. పగడాన్ని తినే చేపలు కిందటేడు తొంభై ఆరు ఉంటే ఈ ఏడు ముప్ఫై ఒకటే అని రాశాడు. పైగా దిబ్బంతా తెల్లబడిపోయిందని చెబుతున్నాడు. మీ ఫోటోల ప్రకారం దిబ్బ ఆరోగ్యంగా ఉంది. కనుక అతను ఫోటోలు తీసి పైకి వచ్చేసి, చేపల్ని లెక్కపెట్టకుండా ఒడ్డున కూర్చుని అంకెలు రాశాడని మా అనుమానం. అతన్ని పని నుంచి తీసేయదలిచాం, మీ అభిప్రాయం తెలపండి.

'తెల్లబడిపోయింది' అన్న మాట దగ్గర యేసుమణి ఆగి, ఆ మాటే మళ్ళీ చదివింది. మిగతాది ఎలా చదివిందో ఆమెకే తెలియదు.

"కోయ అలాంటివాడు కాదనుకున్నాను," అన్నారు గంగాధరం గారు నెమ్మదిగా. "సరే, లెక్క ముందు మనమేం చెబుతాం? సోమవారం జవాబు రాద్దాం. తీసెయ్యమనే రాద్దాం."

ఆమె లోపలికి వెళ్ళి కోయ పంపిన చేపల కాగితాల నకలు తీసింది. వచ్చి రెండు రోజులైనా ఇంకా పుస్తకానికి ఎక్కించలేదు. నాచు తినే చేపలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఇసుకలో ఏరుకుని తినేవి ఉన్నాయి. పగడం కొరుక్కుని తినేవే లేవు. పదిహేడో చదరం ఎదురుగా, నాలుగేళ్ళు వరసగా రెండు అని ఉన్నచోట, సున్నా ఉంది. ఒడ్డున కూర్చుని దొంగలెక్క రాసేవాడు కిందటేటి అంకెలే దించుకుంటాడు కానీ, ఇంత ఓపిగ్గా ఒక్క జాతినే ఎందుకు తగ్గిస్తాడు? తిండి ఉన్న ఇంటిని ఎవరు వదిలిపోతారు? ఆమె ఫోటోల్లో ఇల్లుంది. ఇంట్లోవాళ్ళు లేరు. అలాంటి ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అప్పుడు ఫోటోలో చేతి వంక చూసింది. గోరులేని బొటనవేలు, కింద పలక. నాలుగేళ్ళుగా పాలలా ఉన్న పలక ఈ ఏడు చాయ్ రంగులో ఉంది. పది రోజులపాటు రెండు వేల చుక్కలు చూసిన మనిషి, ఆ పలకను చూడలేదు.

ఆదివారం చర్చిలో ఏం ప్రసంగించారో ఆమె వినలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నువ్వు చూస్తే నేను చూసినట్టే అన్న మాట పోతుంది. పని పోతుంది. పోతే మళ్ళీ ఆ ఇల్లు, ఆ గడప. చెప్పకపోతే ఎప్పుడూ చూడని ఒక మనిషి అబద్ధాలకోరై పోతాడు, అంతే. ఆ మనిషి ఆమెను వెతుక్కుంటూ శంషాబాదు రాబోడు కదా! ఇంత చల్లగా ఆలోచించగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కూడిక ముగియకముందే లేచి స్టూడియోకు వెళ్ళింది.

గోవర్ధన్ ఆమెను చూసి తల తిప్పుకున్నాడు.

"తమ్మీ, మొదలు దెచ్చిన ఫోటోలు పారేసినవా?"

"ఎందుకు పారేస్త? నా తప్పు గాదని ఎన్నడన్న ఒకనాడు జూపియ్యాలె గదా, దాసిపెట్టిన." అని సొరుగులోంచి కవరు తీసి బల్ల మీద విసిరినట్టు పెట్టాడు.

యేసుమణి ఒక్కొక్కటే పరిచింది. పలక తెల్లగా ఉంది. చెయ్యి ఎప్పటిలాగే నల్లగా ఉంది. పగడాలు ఎముకల్లా ఉన్నాయి.

"తప్పు నీది గాదు తమ్మీ. నాది. సముద్రంలనే తెల్లగైనయ్."

గోవర్ధన్ కోపం దిగిపోయింది. సంగతంతా విని గొంతు తగ్గించాడు. "గయితె ఏమాయె అక్కా? పెద్దసారుకు ఎట్లా కనిపియ్యదు. జెప్పకుంటె అయిపాయె. ఎవరికి ఎరుక?"

"నాకెరుక. నీకెరుక."

"నేను ఎవ్వరికి జెప్ప."

"నువ్వు జెప్పవు, నాకు తెల్సు," అంది. కవరు చంకలో పెట్టుకుని వచ్చేసింది.

సోమవారం గంగాధరం గారు వరండాలో కాగితం, కలం సిద్ధం చేయించుకుని కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు.

"సార్, కోయ అబద్ధమాడలే. నేనే తప్పు జేసిన." బిస్కెట్ కార్ఖానా మొదలు స్టూడియో సొరుగు దాకా ఒక్క బిగిన చెప్పేసింది. ఏడవలేదు. ఏడిస్తే జాలి అడిగినట్టుంటుందని బిగబట్టుకుంది.

ఆయన చేత్తో తడిమి కాగితాన్ని పక్కకు జరిపారు. తోటలో ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఫోటోలు తెచ్చావా?"

"తెచ్చిన సార్."

"నాకు కనపడవు. ఒకటో నంబరు నుంచి చూసి చెప్పు."

ఆమె చెప్పసాగింది. ఒకటి, చేతివేళ్ళ పగడం, అంతా తెల్లగుంది సార్. రెండు, సగం తెల్లగుంది, కొసలకు నాచు పట్టింది. మూడు, జింక కొమ్ములు, పెరిగిన నాలుగంగుళాలూ తెల్లగానే ఉన్నాయి. ఆయనకు కూడా ఆ చదరాలన్నీ కంఠతా వచ్చు. ఒక్కొక్క నంబరుకూ తల ఊపుతూ వచ్చారు. ఊరు ఊరంతా పోయాక, ఎవరెవరు పోయారో పేరుపేరునా ఇద్దరు మనుషులు చెప్పుకుంటున్నట్టుంది.

"పదిహేడు?"

"గుమ్మడికాయ తెల్లగున్నది సార్."

"చేపలు?"

"లేవు."

నల్లద్దాల కింద నుంచి ఒక చార ఆయన చెంప మీదికి దిగింది. యేసుమణి గబగబా వెళ్ళి కొంగుతో అద్దింది. "ఏడ్వకుండ్రి సార్. కన్ను తడ్వద్దన్నడు గదా డాక్టరు సాబ్."

"ఏడవట్లేదమ్మా," అన్నారాయన ఏడుస్తూనే.

తరువాత తేరుకుని చెప్పారు. పగడానికి రంగు దానిది కాదు. కంటికి కనపడనంత చిన్న నాచు దాని ఒంట్లో కిరాయికి ఉంటుంది, రంగూ తిండీ అదే ఇస్తుంది. నీళ్ళు మరీ వేడెక్కితే అది వెళ్ళిపోతుంది. తెల్లబడటం అంటే చావు కాదు, చావుకు ముందు పస్తు. త్వరగా చల్లబడితే కొన్ని కోలుకుంటాయి. "ఆ చుక్కల లెక్క ఫారం తయారుచేసింది నేనమ్మా. తెల్లబడ్డవాటికి గడే పెట్టలేదు. నేను ఎప్పుడూ చూడనిది ఇక రాదనుకున్నాను. నువ్వు మాత్రం ఎక్కడ రాస్తావు? రాయి, ఫోటో స్టూడియో పొరపాటు వల్ల లెక్క తప్పిందని రాయి. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు."

యేసుమణి కలం పట్టుకుని ఆగింది. "వద్దు సార్. మొన్న కోయను అబద్ధాలోన్ని జేసిన. ఇయ్యాల గోవర్ధన్‌ను జేస్తనా? నా పేరే రాస్త."

మళ్ళీ చుక్కలు లెక్కపెట్టింది. కొత్త గడి గీసి, తెల్లబడ్డవి వేరే రాసింది. నూటికి తొమ్మిది రంగుతో ఉన్నాయి, నలభై ఎనిమిది తెల్లబడ్డాయి. తప్పు యేసుమణిది అని ఇంగ్లీషులో సొంత చేత్తో రాసి, కింద సంతకం చేసింది. కోయకు వేరే ఒక కాగితం రాసింది. అందులో రెండే వాక్యాలు: నువ్వు చెప్పింది నిజం. నన్ను క్షమించు తమ్ముడూ.

కొచ్చి నుంచి జవాబు మర్యాదగానే వచ్చింది. చెరియకోయ పనిలో కొనసాగుతాడు. ఇకమీదట చుక్కల లెక్క కొచ్చిలోనే చేయించుకుంటాం, ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలు. నలభై చదరాల ఫోటోలు, పుస్తకాలు, చుక్కల కాగితం, అన్నీ ఒక ట్రంకుపెట్టెలో సర్ది యేసుమణే పార్సిలు చేసింది. గంగాధరం గారు వంటకు ఉండమన్నారు. ఉంది. గోడకు ఆనించి ఉండే బల్ల ఖాళీ అయింది. పప్పు ఏరుతూ అప్పుడప్పుడు ఆ బల్ల వంక చూసేది. సాయంత్రాలు ఇంట్లో దీపం వెలిగించాక చేయడానికి ఏ పనీ తోచేది కాదు, తలచుకోవడానికి కూడా నంబర్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఒకటి నుంచి నలభై దాకా తలచుకునేది.

నవంబరులో కోయ నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించాడు. గంగాధరం గారికి చూపు కుదురుకుంది, ఆయనే చదివారు. తెల్లబడ్డవాటిలో చాలా భాగం చచ్చిపోయింది, నాచు కమ్మేసింది. పదిహేడులో పెద్ద పగడం పై భాగం పోయింది, కింద నీడ పడే చోట అరచేయంత రంగు మిగిలింది. నాలుగేళ్ళుగా నా ఫోటోలు చూసే మనిషి ఒకరున్నారని నాకు తెలియదు. సార్ ఉత్తరంలో రాశారు, మిమ్మల్ని తీసుకొస్తానన్నారట. ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు, అయినా రండి.

గంగాధరం గారు ఉత్తరం మడిచారు. "ఈ ఏడు వద్దులే అమ్మా. శ్మశానంలా ఉంటుంది. నాలుగైదేళ్ళు పోనీ, కాస్త కోలుకున్నాక వెళ్దువుగాని. ఇప్పుడు వెళ్తే నీకు దుఃఖమే."

యేసుమణి చేటలో చెయ్యి ఆపింది.

"కళకళలాడినప్పుడు పోలే సార్. గిప్పుడన్న పోవాలె. మా ఇంట్ల మనిషి పోయినప్పుడు పదొద్దులు వచ్చిన్రు, ఇగ ఎవ్వరు రాలే. పదొద్దులైనంక వొచ్చేటోళ్ళే గావాలె సార్. ఒక్కపారి పోయి పలకరిచ్చి వస్త."

దీవికి వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, దానికి ఫోటో అంటించాలి. మర్నాడు దరఖాస్తు కాగితం ఆయనే పూర్తిచేసి ఆమె చేతికిచ్చారు.

యేసుమణి ఉతికిన చీర కట్టుకుని బస్టాండు దగ్గరికి వెళ్ళింది. పెళ్ళి నాడు తీయించుకున్నదే ఆమె చివరి ఫోటో. గోవర్ధన్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, లైట్లు వేసి, కెమెరాలోంచి చూశాడు. పదేళ్ళుగా ఎవరూ సరిగ్గా చూడని మొహం. కళ్ళ కింద నలుపు, చెంపల మీద మంగు, తలలో సగం నెరిసిన జుట్టు.

"అక్కా," అన్నాడు జంకుతూ, "ల్యాబుల జెప్పి జర తెల్లగ జేపియ్యాల్నా? మచ్చలు కనపడకుంట?"

"వద్దు తమ్మీ," అంది యేసుమణి. "కోయ నన్ను ఎన్నడు సూడలె. ఎట్లున్ననో గట్లనే దియ్యి."

గోవర్ధన్ తల ఊపి, లైటు కొంచెం జరిపి, ఫోటో తీశాడు.